కాగితం మీది వాన

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏట్లో పడతాడని లోకానికంతా తెలుసు. ఇనప గనుల ఊరు బచేలిలో వకీలు ఉమామహేశ్ మూడో పడవ కూడా తెప్పించుకున్నాడు. పగలంతా హిందీలో నడిచే కోర్టు, సాయంత్రం కిరందుల్ తెలుగు సంఘం హాల్లో నాటకం రిహార్సలు, ఆదివారాలు ఇంటి వెనక గదిలో బొమ్మలు. బొమ్మలంటే కళ్లూ ముక్కూ ఉండేవి కావు. కొండ మీది ఇనపరాతి పొడిని జిగురులో కలిపి గుడ్డ మీద పూసే ఎర్ర పూతలు, వాటి మధ్య నల్ల పూతలు. ఏమిటిదని ఎవరైనా అడిగితే "ఏమీ కాదు, ఉత్త ఆకారం" అనేవాడు. టౌన్‌షిప్ బళ్లో లెక్కలు చెప్పే మౌనిక మాత్రం మొగుణ్ణి అంత తేలిగ్గా వదిలేది కాదు. "ఆకారం సంగతి తర్వాత చూద్దురుగాని, కోటు మీద పడ్డ ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోవట్లేదు. జడ్జిగారు ఏమనుకుంటారండీ?" అనేది.

మంగళవారం పొద్దున మౌనిక బడికి వెళ్లగానే సోమమ్మ వచ్చింది. ముందురోజు భేజ్జి అవతలి పల్లెలో బయల్దేరి, ఎర్రబోరు రోడ్డు దాకా నడిచి, రెండు బస్సులు మారి వచ్చింది. ఆమె మొగుడు సోడి ఆయతు మూడేళ్లుగా జైల్లో ఉన్నాడు. రోడ్డు తవ్వి పేలుడు తీగ పాతిపెడుతుండగా దొరికాడని కేసు. ఆ రోజు అతన్ని పట్టుకున్నది వేరేచోట అని చెప్పడానికి ముందుకొచ్చింది భార్య ఒక్కతే. గురువారం ఆమె సాక్ష్యం. జడ్జి నమ్మితే ఆయతు ఇంటికి పోతాడు. నమ్మకపోతే ఇంకో పదేళ్లు లోపలే.

ఉమామహేశ్‌కు ఆమె మాట్లాడే దోర్లి బాగా వచ్చు. కోంటలో తండ్రి కిరాణా కొట్లో ఉప్పుకీ పొగాకుకీ వచ్చేవాళ్లతో మాట్లాడి నేర్చిన భాష. టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, పెన్ను మూత తీసి, "ఆ దినం ఏం జరిగిందో మొదటి సంది చెప్పు సోమమ్మా. తొందర లేదు" అన్నాడు.

సోమమ్మ నేల మీద గోడకానుకుని కూచుంది. ఎదురుగోడ వంక చూస్తూ మొదలుపెట్టింది.

"ఆ దినం వాన సారు. మాపటేళ. ఆయన బువ్వ తిని చెయ్యి గడుగుతుండె. ఒక చెయ్యి గడిగిండు. రెండోది గడగలే. ఆళ్లు వచ్చిండ్రు."

ఉమామహేశ్ రాస్తున్న చెయ్యి నెమ్మదించింది.

"కోడిని గంప కింద మూసి ఉన్న. ఆయన్ని తీస్కపోయినంక గంప జరిగింది. ఎత్తి చూస్తె లోపల కోడి లేదు."

పెన్ను ఆగిపోయింది. ఆ గంప ఉమామహేశ్ సొంత గంప. నాలుగు నెలల కిందట గడ్డం గీసుకుంటుంటే తోచింది. కొత్త నాటకం నాలుగో రంగంలో మనిషిని పట్టుకుపోయాక, ఖాళీ స్టేజీ మీద ఖాళీ గంప దానంతటది కదలాలి. పక్క తెర వెనకనుంచి దారంతో లాగాలని కూడా రాసుకున్నాడు. వాన ఆయనదే. కడగని చెయ్యి ఆయనదే. ఆయతు కేసు మీదే రాస్తున్న నాటకం కాబట్టి మనిషి మాత్రం నిజం, తక్కినదంతా కల్పన. ఆ కల్పన ఇప్పుడు భేజ్జి అవతల నుంచి నడిచి వచ్చి తన ముందు కూచుని టీ తాగుతోంది.

"గంప ఎటు జరిగింది సోమమ్మా?"

"తలుపు దిక్కు సారు."

నాటకంలోనూ తలుపు వైపే.

ఆమె గ్లాసు కడగడానికి పెరటి వైపు వెళ్లింది. ఎంతసేపటికీ రాకపోయేసరికి ఆయన లేచి చూశాడు. వెనక గది తలుపు తీసే ఉంది. ఆఖరి రంగానికి వెనకతెరగా వేసిన నిలువెత్తు గుడ్డ ముందు సోమమ్మ నిలబడి ఉంది. ఎర్ర నేల మీద నిలువుగా ఒక నల్లటి ఆకారం, అంతే ఆ బొమ్మ. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, రొండిన ఉన్న ముడి విప్పి, చిటికెడు పొగాకు తీసి ఆ గుడ్డ అడుగున పెట్టింది.

"మాది ఇంత పొడుగు లేదు సారు" అంది వెనక్కి తిరక్కుండానే. "మోకాటి దాకనే."

"అది ఏం గాదు సోమమ్మా. ఉత్తగ రంగు పూసిన."

"ఔ సారు" అందామె. ఆమె దేనికైనా ఔ సారనే అనేది.

సాయంత్రం రిహార్సల్లో ఉమామహేశ్ ఆ సంగతి దాచుకోలేకపోయాడు. దాచుకోవాల్సిన సంగతే. కానీ పొద్దున పుట్టిన భయం మధ్యాహ్నానికి గర్వంగా మారిపోయింది. తాను ఊహించింది ఊహించినట్టే జరిగి ఉండటం ఏ రచయితకు దొరుకుతుంది? కళ అంటే ఇదే కాబోలు అనుకున్నాడు పాపం. బస్సులో కిరందుల్ కొండ ఎక్కుతున్నంతసేపూ తనను తానే మెచ్చుకున్నాడు.

ఆయతు వేషం కట్టే గవర్రాజు గనుల్లో డంపర్ మెకానిక్, శ్రీకాకుళం వైపువాడు. సంగతి వినగానే చేతుల మీది వెంట్రుకలు చూపించాడు. "ఏటి సార్ ఇది! నాకు ఒల్లు జలదరించీసింది. రేపట్నుంచి ఆ గంప కాడికి నాను ఎల్లను, ఇంకోన్ని సూసుకోండి."

భార్య వేషం వేసే ఉదయశ్రీ నర్సు. ఆమె దేనికీ ఊరికే ఆశ్చర్యపడే మనిషి కాదు. స్క్రిప్టు మడిచి, "అరెస్టు ఏప్రిల్లో అన్నారు కదా సార్?" అంది. "ఏప్రిల్లో ఇక్కడ వానెక్కడిది?"

"అకాలవాన పడి ఉండచ్చు కదమ్మా" అన్నాడాయన. అన్నాడే కానీ ఆ తర్వాత డైలాగులు ఏవీ చెవికెక్కలేదు.

ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా పాత కట్ట తీశాడు. మూడేళ్ల కిందట సోమమ్మ చెప్పగా తానే రాసిన మొదటి అఫిడవిట్ అడుగున ఉంది. పట్టుకున్నది ఇంటి దగ్గర కాదు. అంగట్లో. మిట్టమధ్యాహ్నం, ఎండలో, చింతపండు తూకం వేయిస్తుంటే. వాన లేదు, బువ్వ లేదు, గంప లేదు. అంగడిని స్టేజీ మీద చూపించాలంటే ఇరవైమంది కావాలి, సంఘంలో నటులు ఏడుగురే. అందుకని అరెస్టును ఇంటికి మార్చిందీ, ఎండను వానగా మార్చిందీ తానే. మార్చిన సంగతి తానే మరిచిపోయాడు.

మరి ఆమెకెలా తెలిసింది? నాటకం ఆ పల్లెలో ఎవరూ చదవలేదు, చదవలేరు. హాల్లో ఆడింది లేదు. ఉమామహేశ్ ఆ కాగితాల ముందు కూచుని మౌనిక రెండుసార్లు పిలిచినా పలకలేదు. మూడోసారి ఆమె వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డాడు.

"రంగా, నాటకమా, కేసా? ఈసారి ఏది పట్టిందండీ మిమ్మల్ని?"

"మూడూ" అన్నాడు. ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి పక్కన కూచుంది.

బుధవారం జైలుకు వెళ్లాడు. వకీళ్లకిచ్చే ములాఖాత్ గదిలో మధ్యన ఇనప జాలీ, అటువైపు ఆయతు. మొదటిసారి చూసినప్పుడు కావిడి మోసే భుజాలు. ఇప్పుడు ఆ భుజాలు లోపలికి ముడుచుకున్నాయి. వకీలు కనిపించగానే చేతులు జోడించి, గొంతుక్కూచుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆయతూ, వాన సంగతి సోమమ్మకు ఎవరు చెప్పిండ్రు?"

"నేనే సార్. ములాఖాత్‌కి వచ్చినప్పుడల్ల కొంచెం కొంచెం చెప్పిన. మంచిగ పట్టింది."

"నీకెవరు చెప్పిండ్రు?"

ఆయతు నవ్వాడు, వకీలు తనను పరీక్షిస్తున్నాడనుకుని. "నువ్వే గద సార్. కాగితం చదివితివి గద."

అవును, చదివాడు. నాలుగు నెలలుగా, వచ్చిన ప్రతిసారీ. కోర్టు కోసం కొన్న పొడుగాటి పచ్చ కాగితాల్లో మిగిలినవాటి మీదే ఆయన నాటకాలు రాసుకునేవాడు. కేసు పని కాగానే అదే కట్టలోంచి తీసి, అదే నల్లకోటులో కూచుని, దోర్ల మనుషులు ఇలా మాట్లాడతారా లేదా తెలుసుకుందామని ఆయతుకు వినిపించేవాడు. "ఇట్లనే ఉంటదా ఆయతూ?" అనేవాడు. "ఔ సార్" అనేవాడు ఆయతు. ఆ మాటను మెప్పు అనుకున్నాడు ఉమామహేశ్. ఒక మనిషి కథే అతనికి ఎవరైనా ఎందుకు చెబుతారు? వకీలు చెప్పాడంటే, ఇకనుంచి అలా చెప్పమని. ఆయతుకు అందులో అనుమానమే కలగలేదు.

"అది నాటకం ఆయతూ. ఆటకు రాసిన. నిజం గాదు. నువ్వు అంగట్ల దొరికినవ్ గద?"

"ఔ సార్. మొదలు అంగట్ల. తర్వాత నువ్వు కాగితం మార్చితివి."

"నేను మార్చలే!"

గొంతు పెరిగేసరికి తలుపు దగ్గరి జవాను ఇటు తిరిగాడు. ఆయతు మాత్రం ఓపిగ్గా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "నేను రోడ్డు తవ్వలే సార్. కాగితంల తవ్విన అని రాసిండ్రు. మూడేండ్లాయె, తవ్వినోడి లెక్కనే ఉన్న. కాగితంల ఉన్నది జరగకుంట పోతదా?"

ఇరవై ఏళ్ల ప్లీడరీలో ఎదుటి పక్షం వాదనకు జవాబు లేకపోవడం ఉమామహేశ్‌కు కొత్త కాదు. కానీ సొంత కక్షిదారు ముందు ఇలా నిలబడటం అదే మొదటిసారి.

"ఆఖరుది గూడ చెప్పిన సార్" అన్నాడు ఆయతు, పని పూర్తిచేసినవాడి నెమ్మదితో. "రాయి నిలబెట్టమన్న. నిలబెట్టిండ్రు."

నాటకం ఆఖరి రంగంలో, ఎన్నాళ్లకూ రాని మొగుడికి బతికుండగానే భార్య, చచ్చినవాళ్ల గుర్తుగా పాతే చావురాయి నిలబెడుతుంది. జనం లేచి నిలబడతారు అనుకుని రాసిన రంగం అది. చదివిన రోజున ఆయతు "ఆవును కొయ్యాలె గద సార్, ఊరికి పెట్టనీకి?" అని ఒకే మాట అడిగాడు. ఎంత మంచి వివరం అనుకుని, ఆయన మార్జిన్లో రాసుకున్నాడు. ఆ మార్జిన్ రాత ఇప్పుడు గుర్తొచ్చింది. తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

సోమమ్మ ఆ రెండు రోజులూ గిరిజన పిల్లల ఆశ్రమశాలలో వండిపెట్టే కమ్లీ దగ్గర దిగింది. మధ్యాహ్నం ఆయన అక్కడికే వెళ్లాడు. సోమమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆయన మెట్టు మీద కూచుని అంతా చెప్పాడు. అది నాటకం, అబద్ధం, తప్పు తనదే. ఆమె చేతులు ఆగకుండా వింది.

"రాయి ఎప్పుడు పెట్టినవ్?"

"శివరాత్రికి ముందు సారు. మా అన్న ఆవునిచ్చిండు. ఊరంత తిన్నరు. ఆయన గొడ్డలి, ఆయన కల్లుబుర్ర ఆడనే పెట్టినం."

"ఆయన బతికే ఉన్నడు సోమమ్మా. మొన్న ములాఖాత్‌ల చూసినవ్ గద?"

"ఔ సారు. చూసిన." ఏరిన రాయి పక్కన పడేసింది. "రాయి కాడ గూడ చూస్తున్న. మాపటేళ వచ్చి కూసుంటడు. రెండు తీర్ల ఉన్నడు."

ఉమామహేశ్ తల తిప్పి చూశాడు. వెనక కమ్లీ పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. ఆమెకిందులో వింత ఏమీ కనిపించినట్టు లేదు.

"రేపు కోర్టుల వాన చెప్పకు. అంగడి చెప్పు. జరిగిందే చెప్పు."

"అంగడిది మొదలు చెప్పినం గద సారు. మూడేండ్లాయె. దానితోని రాలే." మొదటిసారి ఆమె ఆయన కళ్లలోకి చూసింది. "వానది చెప్తే వస్తడని ఆయన అనుకుంటుండు. ఏది చెప్పుమంటవో నువ్వే చెప్పు. మల్ల మార్చకు."

"అంగడిది" అన్నాడు. ఆమె బియ్యం చెరిగింది.

ఇంటికెళ్లి ఆ నల్ల ఆకారం మీద మందంగా సున్నం పూసేశాడు. తెల్లారేసరికి సున్నంలోంచి నలుపు మళ్లీ తేలింది, కింద మోకాలెత్తు దాకా మాత్రమే. ఇనపపొడి అంతేలే, సున్నాన్ని తినేస్తుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. అడుగున ఉన్న పొగాకు చిటికెడును తుడవడానికి మాత్రం మౌనికను కూడా రానివ్వలేదు.

గురువారం కోర్టులో జనం లేరు. ఆయతును బోనులో నిలబెట్టారు. సోమమ్మ సాక్షుల పెట్టెలోకి ఎక్కింది, పక్కన దుబాసీ. కోర్టు గుమస్తా పేష్కారు తల ఎత్తకుండా ఫారం నింపుతున్నాడు.

"నామ్?"

"సోడి సోమమ్మ."

"పతి కా నామ్?"

ఆమె మాట్లాడలేదు. దోర్ల ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరని ఆ కోర్టులో అందరికీ తెలుసు. ఉమామహేశ్ లేచి తానే చెప్పాడు. పేష్కారు రాసుకుని, అలవాటుగా తర్వాతి గడి అడిగాడు. "పత్నీ యా బేవా?"

పెళ్లామా, విధవా అన్న ఆ రెండు మాటలకు దుబాసీ అక్కర్లేదు. రేషన్ కార్డు కోసం తిరిగిన ప్రతి ఆడదానికీ అవి వచ్చు.

"బేవా" అంది సోమమ్మ.

సర్కారీ వకీలు పకపకా నవ్వాడు. జడ్జి కళ్లద్దాల మీదుగా బోను వైపు చూశాడు. అందరూ అటే చూశారు. ఆయతు నవ్వలేదు, కంగారుపడలేదు. అప్పగించిన పని సరిగ్గా జరిగిందని తెలిసిన ఇంటి పెద్దలాగా తల ఊపాడు. ఉమామహేశ్‌కు ఒక్క క్షణం ఆ బోనులో మనిషి లేనట్టే కనిపించింది. ఖాళీ చొక్కా, ఊచలు, వెనక గోడ. తల విదిలించుకుంటే మళ్లీ ఆయతే ఉన్నాడు.

"క్యా హై యే, వకీల్‌సాబ్?" అన్నాడు జడ్జి.

నిజం చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? "చదువు రాని మనిషి, హుజూర్. ప్రశ్న అర్థం కాలేదు" అన్నాడు. పేష్కారు బేవా కొట్టేసి పత్నీ అని రాశాడు. ఆ గీత కొట్టడం సోమమ్మ మెడ చాచి చూసింది. మళ్లీ మార్చావా అన్నట్టు వకీలు వంక చూసింది. ఆ చూపుకు ఆయన తల దించుకున్నాడు.

ఆ తర్వాత ఆమె అంగడి చెప్పింది. ఎండ చెప్పింది. చింతపండు బుట్ట తక్కెడలో ఉండగానే వెనకనుంచి రెక్క పట్టుకున్నారని, తక్కెడ ఒరిగి బుట్ట తన పాదం మీద పడిందని చెప్పింది. సర్కారీ వకీలు ఎటు తిప్పి అడిగినా అదే చెప్పింది. ఆమె గొంతులో ఏ కల్పనా లేదు. చచ్చినవాడి సంగతి చెప్పినట్టే చెప్పింది.

వారం తిరక్కుండానే తీర్పు వచ్చింది. బాయిజ్జత్ బరీ, మచ్చ లేకుండా విడుదల. బార్ రూములో మిఠాయి పంచారు. సర్కారీ వకీలు కూడా వచ్చి చెయ్యి కలిపాడు. ఇరవై ఏళ్లలో ఇంత శుభ్రంగా గెలిచిన కేసు లేదు. ఆ వారమంతా ఉమామహేశ్ నాటకానికి ఇంకో రంగం రాయాలని కూచున్నాడు. మనిషి తిరిగొచ్చే రంగం. టీ చల్లారేలోపు బెయిలు పిటిషన్ రాయగల చెయ్యి, మనిషి గుమ్మం దాకా రాగానే ఆగిపోయేది. గుమ్మంలో నిలబడ్డవాడితో భార్య ఏమనాలి? ఒక్క మాట తోచలేదు. గవర్రాజు ఫోన్ చేస్తే నాటకం లేదని చెప్పి పెట్టేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం జైలు గేటు చిన్న తలుపులోంచి ఆయతు వంగి బయటికి వచ్చాడు. చంకలో చిన్న మూట. ఎండకు కళ్లు చిట్లించి రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఉమామహేశ్ తప్ప ఎవరూ లేరు.

"సోమమ్మ రాలేదా?" అన్నాడు ఉమామహేశ్, రాదని తెలిసే.

"ఎట్ల వస్తది సార్? నేను పోయిన గద."

"ఇంటికి పోదాం పద. నేనొస్త. పెద్దమనుషులతోని మాట్లాడత. కోర్టు కాగితం చూపిస్త. నువ్వు బతికే ఉన్నవని ఉంది దాంట్ల."

ఆయతు ఆ మాటను మర్యాద కోసం కాసేపు ఆలోచించాడు. "ఊరంత తిన్నరు సార్" అన్నాడు. "తిన్నది ఎట్ల తీస్తరు? రాయి పెట్టినంక వచ్చినోడు మా దిక్కు ఎవడు లేడు. ఏం జెయ్యాలో ముసలోళ్లకు గూడ తెల్వదు."

కోంట బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ ఊచ పట్టుకుని వేలాడుతూ రమ్మని కేకేశాడు. ఇద్దరూ కదలకపోయేసరికి విసుక్కుని బెల్లు కొట్టాడు, బస్సు వెళ్లిపోయింది. ఎర్రదుమ్ము అణిగేదాకా ఆయతు అటే చూసి, రోడ్డు వార గొంతుక్కూచుని మూట పక్కన పెట్టుకున్నాడు.

"తర్వాత నేనేం జేస్త సార్?" అన్నాడు. నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో. "రాయి దాకనే చదివితివి."

ఉమామహేశ్ నిలబడే ఉన్నాడు. ఆయతు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, జైల్లో ప్రతి ములాఖాత్‌కూ కూచున్నట్టే, వినడానికి కూచున్నాడు.